సంరక్షిత సవన్నా నేలల్లోని అరుదైన బాక్టీరియాను జన్యుక్రమంతో అధ్యయనం చేయడం ఎలా?

ఒక గ్రాము నేలలో కోట్లాది బాక్టీరియా కణాలు, వేలాది జాతులు ఉంటాయి. అయితే కణాల్లో పెద్ద వాటా కొద్దిపాటి జాతులదే. మిగిలిన జాతులన్నీ ఒక్కొక్కటి గుప్పెడు కణాలతో ఉనికి నిలుపుకుంటూ ఉంటాయి. మొత్తం జన్యుశ్రేణుల్లో 0.1 శాతం కన్నా, మరికొందరి లెక్కలో 0.01 శాతం కన్నా తక్కువగా కనిపించే జాతిని అరుదైనదిగా పరిగణించడం ఈ రంగంలో వాడుక. అరుదైనది కనుక దాని పాత్ర చిన్నదని అనుకోవడానికి వీల్లేదు. ఒక పీట్ నేలలో 0.006 శాతం మాత్రమే ఉన్న డీసల్ఫోస్పోరోసైనస్ అనే బాక్టీరియా అక్కడి సల్ఫేట్ క్షయకరణంలో గణనీయమైన భాగాన్ని నిర్వహిస్తున్నదని 2010లో వెలువడిన అధ్యయనం చూపింది.

సవన్నా అంటే గడ్డి మధ్య అక్కడక్కడా చెట్లుండే మైదానం. మానవ జోక్యం తక్కువగా ఉండి, కార్చిచ్చు, మేత, చెదపురుగులు, రుతువులు తమ సహజక్రమంలో పనిచేసే సంరక్షిత సవన్నాలు ఇటువంటి జీవులను వెతకడానికి ఎంతో అనువైన చోట్లు. అయితే ఈ పనిలో ప్రతి దశలోనూ రెండు ప్రమాదాలు పొంచి ఉంటాయి. ఒకటి, లేని బాక్టీరియా ఉన్నట్టు కనిపించడం. రెండోది, ఉన్న బాక్టీరియా కనిపించకుండా పోవడం. సమృద్ధిగా ఉన్న జీవులను చదివేటప్పుడు పెద్దగా పట్టించుకోనక్కరలేని చిన్న పొరపాటు కూడా అరుదైన జీవుల విషయంలో ఫలితాన్నే తారుమారు చేస్తుంది. అందువల్ల కింద చెప్పే ప్రతి పనినీ ఈ రెండు ప్రమాదాలను దృష్టిలో పెట్టుకొనే చేయండి.

ప్రశ్న, అనుమతులు

ముందుగా మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి. "ఈ సవన్నాలో ఏయే బాక్టీరియా ఉన్నాయి" అన్నది పరిశోధన ప్రశ్న కాదు. "ఏటా నిప్పంటుకునే నేలలోనూ, ఏళ్ల తరబడి నిప్పు సోకని నేలలోనూ అరుదైన ఆక్టినోబాక్టీరియా ఒకేలా ఉన్నాయా" అన్నది ప్రశ్న. పరిశోధన పద్ధతి, నమూనాల సంఖ్య, ఖర్చు అన్నీ దీన్నిబట్టే తేలతాయి.

అనుమతుల పని నెలల తరబడి సాగవచ్చు కనుక ప్రశ్న ఖరారైన నాడే దాన్ని మొదలుపెట్టండి. ఉద్యానవన నిర్వాహకుల పరిశోధన అనుమతి వేరు, జన్యు వనరులను వాడుకునే అనుమతి వేరు. 2010లో ఆమోదం పొంది 2014 అక్టోబరులో అమల్లోకి వచ్చిన నగోయా ప్రోటోకాల్ ప్రకారం, జన్యు వనరులను వాడుకోదలచినవారు ఆ దేశం కోరిన పక్షంలో ముందస్తు సమ్మతి పొంది, ప్రయోజనాలను పంచుకునే షరతులపై ఒప్పందం చేసుకోవాలి. మట్టిలోని బాక్టీరియాకూ ఇది వర్తిస్తుంది. మట్టిని దేశం దాటించాలంటే ఎగుమతి, దిగుమతి, మొక్కల క్వారంటైన్ పత్రాలు అదనంగా కావాలి. వీలైతే డీఎన్‌ఏను నమూనాలు సేకరించిన దేశంలోనే, స్థానిక పరిశోధకులతో కలిసి వెలికితీయడం మేలని నా అభిప్రాయం. మట్టి ప్రయాణం తగ్గుతుంది, పాడయ్యే అవకాశమూ తగ్గుతుంది, నైపుణ్యం ఆ నేల ఉన్నచోటే నిలుస్తుంది.

నమూనాలను ఎక్కడ, ఎప్పుడు తీయాలి?

సవన్నాను ఒకే రకమైన నేలగా భావించడం ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవారు తరచుగా చేసే తప్పు. చెట్టు గొడుగు కింది మట్టిలో సేంద్రియ కర్బనం, నత్రజని ఎక్కువ. నాలుగడుగులు అవతల బయలు గడ్డిలో రెండూ తక్కువ. చెదపుట్టల్లో బంకమన్ను పాలు, లవణాలు చుట్టుపక్కల నేలకు భిన్నంగా ఉంటాయి. గుట్ట నెత్తి నుంచి వాగు లోయ దాకా వాలు పొడవునా నేల రకం మారిపోతుంది. కాబట్టి చెట్టు కింద, బయలు గడ్డిలో, పుట్ట మీద, వాలు పైభాగంలో, దిగువ భాగంలో అంటూ ఆవాసాలను ముందే విడదీసి, ఒక్కో ఆవాసంలో ఒకదానికొకటి దూరంగా ఉన్న కనీసం ఐదారు చోట్ల నుంచి మట్టి తీయండి. ఒకే చెట్టు కింద పది చోట్ల తవ్వితే అవి పది నమూనాలు కావు. ఒక చెట్టుకు పది కొలతలు మాత్రమే.

చాలా చోట్ల తీసిన మట్టిని ఒకే సంచిలో కలిపేయడం సాధారణ సర్వేల్లో మంచి పద్ధతే. అరుదైన జీవుల కోసం వెతికేటప్పుడు మాత్రం అది నష్టం. ఒక చోట 0.02 శాతం ఉన్న బాక్టీరియా, అది లేని తొమ్మిది చోట్ల మట్టితో కలిస్తే 0.002 శాతానికి పడిపోతుంది. విడివిడిగా దాచండి, కలపాలనుకుంటే డీఎన్‌ఏ తీశాక, కొంత భాగం విడిగా ఉంచుకొని కలపండి.

నిప్పు ప్రభావం మీ ప్రశ్నలో భాగమైతే, కార్చిచ్చు చరిత్ర లిఖితపూర్వకంగా ఉన్న చోటు ఎంచుకోవడం వల్ల ఎంతో లాభం. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ ఉద్యానవనంలో 1954 నుంచీ నడుస్తున్న ప్రయోగ క్షేత్రాలు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. అక్కడ కొన్ని మడులను వేర్వేరు కాలాల్లో, వేర్వేరు ఏళ్ల వ్యవధితో కాలుస్తూ, మరికొన్నింటిని నిప్పు సోకకుండా కాపాడుతూ వచ్చారు. గడ్డి మంటలు వేగంగా సాగిపోతాయి కనుక వేడి చాలావరకు నేల పైపొరకే పరిమితమవుతుంది. అందుకని మొదటి 2 సెంటీమీటర్ల మట్టిని ఒక నమూనాగా, 2 నుంచి 10 సెంటీమీటర్ల మధ్య మట్టిని మరొక నమూనాగా తీసుకోండి. రెండూ కలిస్తే మీరు వెతుకుతున్న తేడా చెరిగిపోవచ్చు.

కాలం సంగతి మరీ ముఖ్యం. ఎండిన నేల తొలకరికి తడవగానే సూక్ష్మజీవుల శ్వాసక్రియ ఒక్కసారిగా పెరుగుతుంది. తూర్పు ఆఫ్రికా నేలలపై పనిచేసిన హెచ్.ఎఫ్. బర్చ్ 1958లో దీన్ని వివరించారు, ఆయన పేరుతోనే ఇది ఇప్పటికీ వాడుకలో ఉంది. ఎండాకాలమంతా అరుదుగా ఉన్న జాతి తడి తగిలిన కొద్ది రోజుల్లో సమృద్ధిగా మారి, మళ్లీ వెనక్కి తగ్గడం అసాధారణమేమీ కాదు. ఒక్కసారి వెళ్లి తెచ్చిన మట్టితో "ఇది అరుదైన జాతి" అని చెబితే, నిజానికి మీరు చెబుతున్నది "ఆ రోజున అరుదుగా ఉంది" అన్నంత మాత్రమే. కనీసం ఎండాకాలం చివర ఒకసారి, తొలి వాన తర్వాత వారంలోపు ఒకసారి, వానాకాలం నడుమ ఒకసారి అవే చోట్లకు తిరిగి వెళ్లేలా ప్రణాళిక వేసుకోండి.

మట్టి తీసి, భద్రపరచడం

తవ్వే పరికరాన్ని ప్రతి నమూనాకూ మధ్య శుభ్రం చేయాలి. అంటుకున్న మట్టిని బ్రష్‌తో పూర్తిగా దులిపి, పలుచని బ్లీచ్ ద్రావణంతో తుడిచి, కొద్ది నిమిషాలు ఆగి, శుద్ధజలంతో కడగండి. ఆల్కహాల్ కణాలను చంపుతుందే గాని డీఎన్‌ఏను నాశనం చేయదు, బ్లీచ్ చేస్తుంది. కానీ బ్లీచ్ మిగిలిపోతే మీ నమూనాలోని డీఎన్‌ఏ కూడా పోతుంది, కాబట్టి చివరి కడుగు తప్పనిసరి. ప్రయోగశాల అలవాటు కొద్దీ పరికరాన్ని ఆల్కహాల్‌లో ముంచి మంటలో కాల్చే పని ఎండిన గడ్డి మధ్య ఎన్నడూ చేయకండి. బూట్లకు, వాహనం టైర్లకు అంటిన మట్టిని, విత్తనాలను కూడా ఒక చోటు నుంచి మరో చోటుకు వెళ్లేముందు దులపండి. అది మీ నమూనాలకూ మంచిది, ఆ ప్రాంతానికీ మంచిది.

ప్రతి రోజూ ఒక ఖాళీ నమూనా తయారుచేయండి. మూత తీసిన క్రిమిరహిత గొట్టాన్ని మీరు మట్టి తీసినంతసేపూ అక్కడే ఉంచి, కడిగిన పరికరాన్ని అందులోని శుద్ధజలంలో ముంచి, మూత బిగించి, మిగతా నమూనాలతో పాటు అన్ని దశలూ దాటించండి. మీ చేతుల నుంచి, గాలి నుంచి, పరికరం నుంచి ఏం వచ్చి చేరిందో చెప్పేది ఇదొక్కటే.

తీసిన మట్టిని ఎండలో నిలిపిన వాహనంలో వదిలేస్తే, మూసిన సంచిలోని వెచ్చదనానికి, తేమకు వేగంగా పెరిగే జాతులు కొన్ని గంటల్లోనే విజృంభించవచ్చు. వెంటనే మంచు పెట్టెలో పెట్టి, వీలైనంత త్వరగా మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌కు చేర్చండి. ఫ్రీజర్ దూరమైతే, డీఎన్‌ఏను స్థిరంగా ఉంచే రసాయన ద్రావణంలో మట్టిని అక్కడికక్కడే కలపండి. ఏ పద్ధతి ఎంచుకున్నా మొత్తం అధ్యయనానికి అదొక్కటే వాడండి.

జన్యు పరీక్షకు తీసిన చోటే ఇంకొంచెం మట్టి తీసి పీహెచ్, తేమ, సేంద్రియ కర్బనం, నత్రజని, ఇసుక–ఒండ్రు–బంకమన్ను పాళ్లు కొలవాలి. తేమకు 105 డిగ్రీల వద్ద 24 గంటలు ఆరబెట్టి బరువు తేడా చూస్తే చాలు. వీటన్నిటిలో పీహెచ్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. నేల బాక్టీరియా సమూహాలు చోటుచోటుకూ ఎందుకు మారతాయో వివరించడంలో అంతగా పనికివచ్చే కొలత మరొకటి లేదు.

డీఎన్‌ఏ వెలికితీయడం

నేల డీఎన్‌ఏ కిట్లు ఎక్కువగా పావు గ్రాము మట్టితో పనిచేస్తాయి. ఒక్కో నమూనా నుంచి కనీసం మూడుసార్లు విడివిడిగా తీయండి, లేదా పది గ్రాముల వరకు పట్టే పెద్ద కిట్ వాడండి. సన్నని పూసలతో గట్టిగా కుదిపి కణాలను పగలగొట్టే దశను కుదించకండి; గట్టి గోడలున్న గ్రామ్ పాజిటివ్ బాక్టీరియా, ఎండను తట్టుకోవడానికి సిద్ధబీజాలుగా మారినవి తేలిగ్గా పగలవు, సవన్నా నేలల్లో అటువంటివి ఎక్కువే.

కుళ్లిన సేంద్రియ పదార్థం నుంచి ఏర్పడే హ్యూమిక్ ఆమ్లాలు డీఎన్‌ఏతో పాటు బయటికి వచ్చి, డీఎన్‌ఏ ముక్కలకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పీసీఆర్ ప్రక్రియను అడ్డుకుంటాయి. ద్రావణం లేత గోధుమరంగులో ఉన్నా, 260, 230 నానోమీటర్ల కాంతిని అది పీల్చుకునే నిష్పత్తి బాగా తగ్గినా వాటిని అనుమానించాలి. పది రెట్లు పలుచన చేసి పీసీఆర్ చేసినప్పుడు ఫలితం మెరుగుపడితే అనుమానం నిజమే. అయితే పలుచన చేసిన ప్రతిసారీ అరుదైన జీవుల డీఎన్‌ఏ కూడా అంతే తగ్గుతుంది కనుక, శుద్ధి చేయడమే మంచి మార్గం.

మరో సంగతి గుర్తుంచుకోవాలి. చనిపోయిన కణాల డీఎన్‌ఏ నేలలో చాలాకాలం నిలిచి ఉంటుంది. 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, పరిశీలించిన నేలల్లో సగటున 40 శాతం డీఎన్‌ఏ కణాల బయట గానీ, చెడిపోయిన కణాల్లో గానీ ఉన్నదని తేలింది. మీరు "జీవించి ఉన్న అరుదైన బాక్టీరియా" గురించి మాట్లాడదలిస్తే, కొన్ని నమూనాలనైనా డీఎన్‌ఏ తీసేముందు కణాల బయటి, చెడిపోయిన కణాల్లోని డీఎన్‌ఏను పీసీఆర్‌కు చిక్కకుండా చేసే ప్రొపీడియం మోనోఅజైడ్ అనే రసాయనం కలిపి, కలపనివాటితో పోల్చండి.

ఏ సీక్వెన్సింగ్, ఎంత లోతు?

తొలి అడుగుగా, బాక్టీరియా అన్నిటిలోనూ ఉండి వాటిని గుర్తించడానికి పనికివచ్చే 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువును చదవడమే ఇప్పటికీ సరైన ఎంపిక. సుమారు 1,500 డీఎన్‌ఏ అక్షరాల ఈ జన్యువులో తొమ్మిది మార్పుచెందే భాగాలున్నాయి. నాలుగో భాగాన్ని మాత్రమే చిన్న శ్రేణులుగా చదివితే ఖర్చు తక్కువ, నమూనాకు లక్షల సంఖ్యలో శ్రేణులు వస్తాయి, కానీ దగ్గరి జాతులు విడిపోవు. జన్యువును ఆసాంతం చదివే పొడవైన శ్రేణుల పద్ధతిలో జాతులు బాగా విడిపోతాయి, శ్రేణుల సంఖ్య తగ్గుతుంది. నా సలహా ఏమిటంటే, అన్ని నమూనాలనూ మొదటి పద్ధతిలో లోతుగా చదివి, ఆసక్తికరమైనవి దొరికిన కొన్నింటిని రెండో పద్ధతిలో మళ్లీ చదవండి. ఇక పాటెస్కీబాక్టీరియా వంటి కొన్ని సమూహాలు సాధారణ ప్రైమర్లకు (పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలకు) సరిగా చిక్కవని తెలిసే మొదలుపెట్టండి.

లోతు, అంటే ఒక్కో నమూనాకు చదివే శ్రేణుల సంఖ్య, ఎంత కావాలో ఊహించకండి, లెక్కించండి. 0.01 శాతం ఉన్న బాక్టీరియాను 10,000 శ్రేణుల్లో వెతికితే సగటున ఒకటి దొరకాలి. అంటే ఒక్కటీ దొరకకుండా పోయే అవకాశం 37 శాతం. 50,000 శ్రేణులు చదివితే సగటున ఐదు వస్తాయి, పూర్తిగా తప్పిపోయే అవకాశం ఒక శాతం లోపే. అదే బాక్టీరియా 0.001 శాతమే ఉంటే, ఆ 50,000 శ్రేణుల్లోనూ తప్పిపోయే అవకాశం 60 శాతం దాటుతుంది.

అలాగని శ్రేణులు పెంచుకుంటూ పోతే సరిపోదు. ఒక పీసీఆర్ గొట్టంలో 10 నానోగ్రాముల డీఎన్‌ఏ వేశారనుకోండి. సగటు బాక్టీరియా జన్యుపదార్థం 50 లక్షల అక్షరాలుంటే దాని బరువు దాదాపు 5.4 ఫెమ్టోగ్రాములు. అంటే మొత్తం డీఎన్‌ఏ బాక్టీరియాదే అయినా, గొట్టంలో ఉన్నవి సుమారు 18 లక్షల జన్యుపదార్థాలు మాత్రమే. కోటి కణాల్లో ఒకటిగా ఉన్న జాతి ఆ గొట్టంలోకి అసలు రాకపోవడానికే ఎక్కువ అవకాశం. రానిదాన్ని ఎంత లోతుగా చదివినా కనిపించదు. కాబట్టి ఒకే గొట్టాన్ని లోతుగా చదవడం కన్నా, ఒక్కో నమూనాకు మూడు స్వతంత్ర పీసీఆర్‌లు చేసి, మూడింటికీ వేర్వేరు సూచికలు (ఏ శ్రేణి ఏ నమూనాదో చెప్పే చిన్న డీఎన్‌ఏ గుర్తులు) ఇచ్చి, వేరుగానే చదివించడం మేలు. పీసీఆర్ ఆవృత్తాలను 25 నుంచి 30 లోపు ఉంచితే రెండు జీవుల ముక్కలు అతుక్కుని ఏర్పడే బూటకపు శ్రేణులు తగ్గుతాయి.

సూచికల విషయంలో రాజీపడకండి. కొత్త తరం యంత్రాల్లో ఒక నమూనా సూచిక మరో నమూనా శ్రేణికి తగులుకోవడం సుమారు 0.1 నుంచి 2 శాతం దాకా జరుగుతుంది. ఒక చెదపుట్ట నమూనాలో ఒక బాక్టీరియాకు 20,000 శ్రేణులు ఉన్నాయనుకుంటే, వాటిలో ఒక శాతం చెదిరి మిగతా 95 నమూనాల్లోకి చేరితే ఒక్కోదానికి రెండేసి వస్తాయి. ఆ రెండు శ్రేణులు అచ్చం అరుదైన బాక్టీరియాలాగే కనిపిస్తాయి! ప్రతి నమూనాకు రెండు వైపులా మరెక్కడా వాడని సూచికలు ఇస్తే, ఇలా తగులుకున్నవాటిలో అత్యధిక భాగాన్ని గుర్తించి తీసేయవచ్చు.

నమూనాలతో పాటు క్షేత్రంలోని ఖాళీ నమూనాలు, కిట్ ఖాళీ నమూనాలు, డీఎన్‌ఏ లేని పీసీఆర్‌లు, జాతులూ వాటి పాళ్లూ ముందే తెలిసిన కృత్రిమ మిశ్రమం ఒకటి తప్పక చదివించండి. మిశ్రమాల్లో పాళ్లు పదేసి రెట్లు తగ్గుతూ పోయే రకం ఎంచుకుంటే, మీ పద్ధతి ఎంత తక్కువ స్థాయి దాకా నిజం చెబుతుందో నేరుగా తెలుస్తుంది.

శ్రేణులను విశ్లేషించడం

అక్షరానికి 0.1 శాతం తప్పు అన్నది తక్కువే అనిపిస్తుంది. కానీ 250 అక్షరాల శ్రేణిలో కనీసం ఒక తప్పు పడే అవకాశం 22 శాతం. సమృద్ధిగా ఉన్న ప్రతి బాక్టీరియా చుట్టూ ఇలాంటి తప్పుడు శ్రేణులు చేరి, అరుదైన జాతుల్లా కనిపిస్తాయి. అందుకే 97 శాతం పోలిక ఆధారంగా గుంపులు కట్టే పాత పద్ధతి కన్నా, తప్పుల తీరును నేర్చుకొని అసలు శ్రేణులను తేల్చే డాడా2 వంటి సాధనాలు వాడండి. ఇక్కడొక జాగ్రత్త అవసరం. డాడా2 నమూనాలను విడివిడిగా చూసేటప్పుడు ఒక్కసారే కనిపించిన శ్రేణిని లెక్కలోకి తీసుకోదు. నమూనాలన్నిటినీ కలిపి, లేదా దాని పాక్షిక కలయిక పద్ధతిలో నడిపితే ఒక చోట ఒక్కసారే కనిపించినా, మరోచోట ఉన్న ఆధారంతో అది నిలుస్తుంది. ఒక్కసారి కనిపించిన వాటి సంఖ్యపైనే ఆధారపడే చావో1 వంటి జాతుల సంఖ్య అంచనాలను ఈ ఫలితాలపై లెక్కకట్టడం అర్థరహితం. చాలా వ్యాసాల్లో ఇప్పటికీ ఇది కనిపిస్తూనే ఉంది.

తర్వాత క్లోరోప్లాస్ట్, మైటోకాండ్రియా శ్రేణులు తీసేయండి. ఖాళీ నమూనాలతో పోల్చి కలుషితాలను గుర్తించే డీకంటామ్ వంటి సాధనం నడపండి. సిల్వా, జీటీడీబీ వంటి జన్యుశ్రేణుల కోశాలతో పోల్చి పేర్లు పెట్టండి. పేరు దొరకని శ్రేణులను తొందరపడి పారేయకండి. మీరు వెతుకుతున్నవి అక్కడే ఉండవచ్చు. వంశవృక్షంలో పెట్టి, అవి నిజంగా బాక్టీరియా కొమ్మల్లో కూర్చుంటున్నాయా లేదా చూడండి.

ఏ ఆధారం ఉంటే ఒక అరుదైన బాక్టీరియాను "ఉన్నది" అని ఒప్పుకుంటారో ఫలితాలు తెరవకముందే రాసిపెట్టుకోండి. మూడు పీసీఆర్‌లలో కనీసం రెండింట కనిపించాలి. ఏ ఖాళీ నమూనాలోనూ ఉండకూడదు. సూచికల చెదురుబాటుతో వచ్చే సంఖ్యను దాటాలి. ఇవి నేను సూచించే కనీస నియమాలు. ఇక కనిపించనిదాన్ని "లేదు" అని ఎప్పుడూ రాయకండి; "ఇంత లోతులో, ఇంత మట్టిలో కనిపించలేదు" అని రాయండి. నిప్పు సోకిన మడిలో 30,000 శ్రేణులు, సోకని మడిలో 90,000 శ్రేణులు చదివి, రెండో చోట అరుదైన జాతులు ఎక్కువని తేల్చడం అన్నిటికన్నా పెద్ద తప్పు. పోల్చేముందు లోతులు సమం చేయండి, లేదా గుర్తించే అవకాశాన్ని లెక్కలోకి తీసుకునే గణాంక నమూనాలు వాడండి.

దొరికినదాన్ని నిర్ధారించడం

ఈ నియమాలకు నిలిచిన బాక్టీరియాకు ప్రత్యేకమైన ప్రైమర్లు రూపొందించి, మిగిలి ఉన్న డీఎన్‌ఏపై, ప్రతులను నేరుగా లెక్కపెట్టే డిజిటల్ పీసీఆర్ చేయండి. గ్రాముకు ఎన్ని ప్రతులున్నాయో అప్పుడు తెలుస్తుంది. శాతాలు మాత్రమే చూస్తే, పక్క జాతి చచ్చిపోయినా మీ జాతి పెరిగినట్టు కనిపిస్తుంది.

అది ఏం చేయగలదో తెలియాలంటే మొత్తం డీఎన్‌ఏను చదివి, దాని జన్యుపదార్థాన్ని ముక్కల నుంచి పునర్నిర్మించాలి. 2017లో వెలువడిన ప్రమాణాల ప్రకారం 90 శాతానికి మించిన పరిపూర్ణత, 5 శాతం లోపు కలుషితం, ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువులు, కనీసం 18 టీఆర్‌ఎన్‌ఏలు ఉన్నదే ఉన్నత శ్రేణి నిర్మాణం. అరుదైన జాతికి ఇది సాధారణంగా నేరుగా సాధ్యపడదు. ముందు దాన్ని పెంచాలి: మట్టిని సన్నని పొరల గదుల్లో ఉంచి, అదే నేలలో పాతిపెట్టి పెంచే ఐచిప్ వంటి పద్ధతులు ఇందుకు ఉన్నాయి. 2015లో ప్రకటించిన టీక్సోబాక్టిన్ అనే యాంటీబయాటిక్‌ను తయారుచేసే, అంతకుముందు పెంచడం సాధ్యం కాని నేల బాక్టీరియా ఈ దారిలోనే చేతికి వచ్చింది.

దాచడం, పంచడం

శ్రేణులను అంతర్జాతీయ కోశాల్లో నేల వివరాల ప్రామాణిక పట్టికతో సహా జమచేయండి. ఖాళీ నమూనాల శ్రేణులను కూడా జమచేయకపోతే మీ అరుదైన జాతులను మరొకరు పరీక్షించలేరు. వేట ముప్పు ఉన్న ఖడ్గమృగాల వంటి జంతువులు తిరిగే చోట ఖచ్చితమైన అక్షాంశ రేఖాంశాలను ప్రచురించే ముందు ఉద్యానవన నిర్వాహకులను అడగండి. ఫొటోలలో దాగి ఉండే స్థల వివరాలను కూడా తీసేయండి. ఏ మడిలో, ఏ ఆవాసంలో ఏం కనిపించిందో వారికి సులభమైన భాషలో ఒక నివేదిక ఇవ్వండి. మిగిలిన మట్టిని, డీఎన్‌ఏను చిన్న చిన్న గొట్టాల్లోకి పంచి, అనుమతి షరతుల్లో ఉన్న గడువు మేరకు మైనస్ 80 వద్ద ఉంచండి. ఒకే గొట్టాన్ని పదేపదే కరిగించి గడ్డకట్టిస్తే డీఎన్‌ఏ ముక్కలవుతుంది, అందులో మొదట మాయమయ్యేవి తక్కువ ప్రతులున్న జాతులే.